కోసిన క్రిస్మస్ చెట్టు నెలంతా పచ్చగా ఉండాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీకి దగ్గర్లో. ఇక్కడికొచ్చిన రెండో ఏడాది నుంచి ప్లాస్టిక్ చెట్టు మానేసి ఇంట్లో నిజం చెట్టే పెడుతున్నాం. కొన్నాళ్ళకు మా తెలుగు చర్చిలో సెమీ క్రిస్మస్‌కి పెట్టే చెట్టు పని కూడా నా నెత్తిన పడింది. ఇక నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ వచ్చిందంటే ఫోన్లే ఫోన్లు. "అన్నా, చెట్టు రాలిపోతోంది." "బ్రదర్, నీళ్ళలో పంచదార వేయమంటున్నారు, వేసేదా?" అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. తీరిక లేనివాళ్ళు మొదలు కోయడం గురించి, నీళ్ళ గురించి రాసినవి రెండూ చదివితే ముప్పాతిక పని అయినట్టే.

వేళ్ళు లేని చెట్టు అన్ని రోజులు పచ్చగా ఎలా ఉంటుంది?

కొత్తిమీర కట్ట తెచ్చి గ్లాసు నీళ్ళలో నిలబెడితే నాలుగు రోజులు తాజాగా ఉంటుంది కదా, ఇదీ అంతే. ఆకుల నుంచి తేమ గాల్లోకి పోతూ ఉంటుంది. ఆ లాగుడికి మొదలు నుంచి నీళ్ళు పైకి ఎక్కుతాయి. వేళ్ళతో పని లేదు. చెట్టు ఇక పెరగదు కాబట్టి ఎరువు, ఆహారం లాంటివీ అక్కర్లేదు. పోయిన తేమకు బదులు తేమ అందుతుంటే చాలు.

తిరకాసు ఒక్కటే. ఒక హద్దు దాటి ఎండిపోయిన చెట్టు మళ్ళీ తేరుకోదు. తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా ఆకులు రాలుతూనే ఉంటాయి. అందుకే చెట్టు ఇంటికొచ్చాక మొదటి రోజు చూపించే శ్రద్ధ, తర్వాత మూడు వారాల శ్రద్ధ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఏ రకం కొనమంటారు?

మా రాష్ట్రంలో ఉండి ఫ్రేజర్ ఫర్ కాదని ఇంకోటి చెబితే ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోరు. ఈ చెట్టు సహజంగా పెరిగేది దక్షిణ అపలేషియన్ కొండల ఎత్తు ప్రాంతాల్లోనే. స్కాట్లాండ్ నుంచి వచ్చిన జాన్ ఫ్రేజర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు. ఆష్, ఏవరీ కౌంటీల వైపు వెళ్తే కొండవాలంతా వరసలు వరసలుగా ఇవే కనిపిస్తాయి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు ఆ తోటల్లో కొన్ని బాగా దెబ్బతిన్నాయి. ఫ్రేజర్ గొప్పతనం ఏమిటంటే, నీళ్ళు సరిగ్గా అందితే నెల దాటినా ఆకు వదలదు. కొమ్మలు గట్టివి, బరువైన బొమ్మలు వేలాడదీసినా వంగవు.

సియాటిల్, పోర్ట్‌లాండ్ వైపు ఉండేవాళ్ళకు ఆరెగాన్‌లో పెరిగే నోబుల్ ఫర్, నార్డ్‌మన్ ఫర్ దొరుకుతాయి. ఆకు నిలవడంలో అవీ తీసిపోవు. డగ్లస్ ఫర్ మంచి వాసన, కాస్త చవక, కానీ నేనైతే మూడు వారాలకు మించి నమ్మను. స్ప్రూస్ జాతులు చూడ్డానికి ఎంత బాగున్నా వెచ్చని ఇంట్లో త్వరగా రాలుస్తాయి. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్లో ప్రతి ఏటా నిలబెట్టేది నార్వే స్ప్రూసే కదా అని ఒకాయన వాదించాడు. నిజమే, కానీ అది బయట చలిలో ఉంటుంది. మన హాల్లో హీటర్ తిరుగుతుంటుంది.

డాలస్ వాళ్ళకు ఒక మాట. టెక్సస్ వేడికి ఫ్రేజర్ పెరగదు. అక్కడ అమ్మే ఫ్రేజర్లన్నీ దూరం నుంచి ట్రక్కుల్లో వచ్చినవే. అక్కడి తోటల్లో మీ చేత్తో కోసుకునేది ఎక్కువగా వర్జీనియా పైన్, లేలండ్ సైప్రస్ లాంటివి. ఆ రోజే కోసిన వర్జీనియా పైన్, ఎప్పుడో కోసి ఎండలో నిలబెట్టిన ఫ్రేజర్ కన్నా నయం.

తాజాదో పాతదో కొనేటప్పుడు ఎలా తెలుస్తుంది?

కూరగాయల బండి దగ్గర బెండకాయ తుంచి చూసినట్టు, దీన్నీ చేత్తో చూడాల్సిందే. ఒక కొమ్మను లోపలి నుంచి చివరి వైపు వదులుగా పట్టుకుని లాగండి. ఆకులు చేతిలోకి రాకూడదు. చెట్టును ఒక అడుగు ఎత్తి మొదలును నేలకు తట్టండి. లోపల ఎండిన గోధుమరంగు ఆకులు కొన్ని రాలితే కంగారు పడొద్దు, అవి పోయినేటివి. పచ్చ ఆకులు జలజలా రాలితే మాత్రం పక్క చెట్టు చూసుకోండి. ఆకు నలిపితే ఘాటైన వాసన రావాలి.

ఇంకోటి, చెట్లను ఎక్కడ పెట్టి అమ్ముతున్నారో చూడండి. నీడలో ఉంచినవి, మొదళ్ళు నీళ్ళ తొట్లలో పెట్టినవి మేలు. తారు రోడ్డు మీద ఎండకు ఆనించినవాటి జోలికి పోవద్దు.

నవంబరులోనే కొంటే డిసెంబరు 25 దాకా ఉంటుందా?

ఉంటుంది, నీళ్ళు ఒక్కరోజు కూడా తప్పకపోతే. కానీ దుకాణాలకు వచ్చే చెట్లలో చాలావరకు నవంబరులోనే కోసేసినవి. అంటే మీరు డిసెంబరు 15న కొన్నా, కోసింది నెల క్రితమే కావచ్చు. అప్పటిదాకా అది బయట ఎండుతూ ఉండటం కన్నా, ముందే కొని మీ గరాజ్‌లో బకెట్ నీళ్ళలో పెట్టుకోవడం మంచిది. సొంతంగా కోసుకునే తోట దగ్గర్లో ఉంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఎప్పుడు కోస్తే అప్పుడే తాజా.

కారు మీద కట్టి తెచ్చేటప్పుడు ఏమైనా జాగ్రత్త ఉందా?

మొదలు ముందుకు, కొన వెనక్కి. గాలి కొమ్మల వాలులో పోతుంది. తిరగేసి కడితే హైవే మీద ఆ గాలికి కొమ్మలు విచ్చుకుని ఆకులు ఊడతాయి. గంట ప్రయాణం దాటితే పాత దుప్పటో టార్పాలిన్ పట్టానో చుట్టండి. వల చుట్టిచ్చేది ఉచితమైతే వద్దనకండి.

అమ్మినవాళ్ళు కోసే ఇచ్చారు కదా, మొదలు మళ్ళీ ఎందుకు కోయాలి?

ఈ ప్రశ్నకు నా దగ్గర సొంత అనుభవం ఉంది. మా మొదటి నిజం చెట్టు తెచ్చిన రోజు రాత్రి పదకొండయింది. అలసిపోయి అలాగే స్టాండ్‌లో దించి, నీళ్ళు పోసి పడుకున్నాను. మర్నాడు చూస్తే నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. "పర్లేదు, దీనికి దాహం లేదు" అనుకున్నాను. మూడో రోజూ అంతే. పన్నెండో రోజుకు మా పెద్దది స్టార్ సరిచేద్దామని కొన తాకితే వాన కురిసినట్టు రాలింది. చెట్టు తీసేసేటప్పుడు మొదలు చూశాను. కోసిన చోటంతా గట్టిపడి, మీద జిగురు గాజులా మెరుస్తూ ఉంది. వేలితో గోకితే గోరు దిగలేదు.

జరిగేది ఇదే. కోసిన మొహం గాలికి ఆరిపోయి, నీళ్ళెక్కే సన్నటి దారుల్లోకి గాలి చేరుతుంది, జిగురు పేరుకుంటుంది. దారి మూసుకుంటే తొట్టి నిండా నీళ్ళున్నా చెట్టుకు చుక్క అందదు. అందుకని అడుగు నుంచి కనీసం అర అంగుళం బిళ్ళ కోసి పారేయాలి. నేను అంగుళం కోస్తాను, నష్టం ఏముంది. కొత్త మొహం తెల్లగా, కాస్త తడిగా, పచ్చి చెక్క వాసనతో ఉంటే సరిగ్గా కోసినట్టు.

కోశాక ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు నీళ్ళలో పడాలి. కొన్న చోటే కోయించుకుని నేరుగా ఇంటికొస్తే ఇంకోసారి కోయనక్కర్లేదు. దారిలో షాపింగ్, బిర్యానీ, స్నేహితుల ఇల్లు అన్నీ చుట్టి రాత్రికి చేరేవాళ్ళయితే ఇంట్లో ఒక రంపం ఉంచుకోండి. చెట్ల కోసం అమ్మే విల్లు రంపం హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఇద్దరుంటే అయిదు నిమిషాల పని: ఒకరు పట్టుకోవాలి, ఒకరు కోయాలి.

గులాబీ కాడల్లా ఏటవాలుగా కోస్తే ఎక్కువ నీళ్ళు తాగదా?

తాగదు. పైగా స్టాండ్‌లో చెట్టు నిలబడదు, ఏటవాలు పైభాగం నీళ్ళలో మునగదు. అడ్డంగా, చదునుగా కోయండి. మధ్యలో డ్రిల్‌తో రంధ్రం చేస్తే నీళ్ళు బాగా ఎక్కుతాయన్నదీ ఉత్త మాటే.

బోదె లావుగా ఉంది, స్టాండ్‌లో దూరడం లేదు. చుట్టూ చెక్కేయనా?

వద్దు, దయచేసి వద్దు. నీళ్ళను బాగా లాగేది బెరడుకు ఆనుకుని ఉండే బయటి పొరలే. వాటిని చెక్కేస్తే గొంతు నొక్కినట్టే. మా చర్చిలో ఒక ఏడాది ఒకాయన ఉత్సాహం కొద్దీ కొడవలితో పెన్సిల్ చెక్కినట్టు చెక్కాడు. సెమీ క్రిస్మస్ నాటికి ఆ చెట్టు ముందు నిలబడి ఫొటో దిగిన వాళ్ళందరి భుజాల మీదా ఆకులే. లావుగా ఉంటే పెద్ద స్టాండ్ కొనండి. కొనేముందే ఇంట్లో స్టాండ్ ఎన్ని అంగుళాలు పడుతుందో కొలుచుకుని వెళ్ళండి.

రోజుకు ఎన్ని నీళ్ళు పోయాలి?

బోదె వెడల్పు ఎన్ని అంగుళాలుంటే స్టాండ్‌లో ఎప్పుడూ అన్ని క్వార్టుల నీళ్ళు పట్టాలని అమెరికాలో నేషనల్ క్రిస్మస్ ట్రీ అసోసియేషన్ చెప్పే లెక్క. క్వార్ట్ అంటే లీటరు కన్నా కొంచెం తక్కువ. నాలుగంగుళాల బోదె అయితే నాలుగు క్వార్టులు, అంటే ఒక గ్యాలన్, ఇక్కడి దుకాణాల్లో అమ్మే పెద్ద పాల క్యాన్ అంత.

ఇక్కడే అందరూ మోసపోయేది. డబ్బా మీద "1 గ్యాలన్" అని రాసిన స్టాండ్‌లో ఒక గ్యాలన్ పట్టేది ఖాళీగా ఉన్నప్పుడు. తొట్టి 9 అంగుళాల వెడల్పు, బోదె 5 అంగుళాలు అనుకోండి. బోదె తీసుకునే చోటుకే దాదాపు మూడో వంతు నీళ్ళు తగ్గిపోతాయి. దానికి తోడు కొన్ని స్టాండ్లలో అడుగున మేకో దిమ్మో ఉండి బోదె అంగుళం పైకి నిలబడుతుంది. ఆ అంగుళం కింద ఎన్ని నీళ్ళున్నా చెట్టుకు అందవు. తొంగి చూస్తే నీళ్ళు కనిపిస్తాయి, చెట్టు మాత్రం ఎండుతుంటుంది. కాబట్టి మొదటి రోజే ఒక చీపురు పుల్ల తీసుకుని, అడుగు నుంచి కోసిన మొహం ఎంత ఎత్తులో ఉందో దాని మీద గుర్తు పెట్టండి. నీళ్ళు ఆ గుర్తుకు రెండంగుళాలు పైనే ఉండాలి.

మొదటి ఇరవై నాలుగ్గంటల్లో పెద్ద చెట్టు ఒక గ్యాలన్ దాకా తాగేయగలదు. మా చెట్టుకు ఆ రోజు నాలుగుసార్లు పోస్తాను. తర్వాత తగ్గుతుంది, రోజుకు క్వార్టు అటూ ఇటూగా. పొద్దున కాఫీకి ముందు ఒకసారి, రాత్రి లైట్లు ఆర్పే ముందు ఒకసారి చూసుకుంటే చాలు.

కింది కొమ్మల మధ్య దూరి నీళ్ళు పోయడం నడుం నొప్పి వ్యవహారం. నాలుగడుగుల పీవీసీ పైపుకు పైన గరాటు బిగించి, కొమ్మల మధ్య నుంచి తొట్టిలోకి దించాను. నిలబడే చెంబుతో పోసేయవచ్చు. అది మా చిన్నవాడి డ్యూటీ. ఒక రోజు మర్చిపోయినందుకు వాడికి ఎంత టెన్షన్ పట్టుకుందంటే, అర్ధరాత్రి లేచి వచ్చి పోశాడు.

రెండు రోజులు ఊరెళ్ళాం, వచ్చేసరికి తొట్టి ఎండిపోయింది. ఇప్పుడెలా?

ఎన్ని గంటలు ఎండి ఉందన్న దాన్ని బట్టి. పూటలోపే అయితే నింపేయండి, ఏం కాదు. రోజు దాటితే కోసిన మొహం మూసుకుపోయి ఉంటుంది. ముందు నింపి చూడండి. మర్నాటికి మట్టం తగ్గితే అదృష్టం. తగ్గకపోతే అలంకరణంతా విప్పి, చెట్టు పడుకోబెట్టి, మళ్ళీ బిళ్ళ కోయడం తప్ప దారి లేదు. చాలామంది ఆ పని చేయరు, నేనూ ఒకసారి చేయలేదు. అలాంటప్పుడు లైట్లు మాత్రం వెలిగించకండి. ఆకులు విరిచితే పుటుక్కుమంటుంటే పండగ దాకా ఆగకుండా బయట పెట్టేయండి.

ప్రయాణం ముందే తెలిస్తే పక్కింటి వాళ్ళకు తాళం, గరాటు రెండూ ఇచ్చి వెళ్ళండి.

నీళ్ళలో పంచదార, ఆస్పిరిన్, సోడా, బ్లీచ్ వేస్తే మంచిదంటారు?

ఉత్త కుళాయి నీళ్ళు పోయండి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో దశాబ్దాల పాటు క్రిస్మస్ చెట్ల మీదే పరిశోధన చేసిన గ్యారీ చాస్టాగ్నర్ చెప్పేదీ అదే. పంచదార నీళ్ళు కుళ్ళు కంపు కొడతాయి, బూజు పడుతుంది. బ్లీచ్ కలిపిన నీళ్ళను కుక్కో పిల్లో తాగితే ఆస్పత్రి ఖర్చు. ఆకుల మీద కొట్టే "తాజాగా ఉంచే" స్ప్రేలకూ డబ్బు దండగ.

బ్లీచ్‌తో ఒక పని ఉంది. పోయినేడు అటక మీద పెట్టిన స్టాండ్‌ను చెట్టు పెట్టే ముందు కాస్త బ్లీచ్ వేసి కడిగి, నీళ్ళతో బాగా జాడించి ఆరబెట్టండి.

వేడినీళ్ళా, చన్నీళ్ళా?

ఏవైనా ఒకటే.

హాల్లో ఎక్కడ పెట్టాలి?

హీటర్ గాలి వచ్చే జాలీకి, ఫైర్‌ప్లేస్‌కి, స్పేస్ హీటర్‌కి కనీసం మూడడుగుల దూరం. ఎండ నేరుగా పడే అద్దాల కిటికీ కూడా వద్దు. ఇక్కడ చలికాలం ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో మీ పెదవులకే తెలుసు. ఆ గాలి చెట్టునూ అలాగే పీల్చేస్తుంది. నేల మీద ఉండే జాలీని తప్పించలేకపోతే గాలిని పక్కకు మళ్ళించే ప్లాస్టిక్ మూత దొరుకుతుంది, పెట్టండి. రాత్రిళ్ళు థర్మోస్టాట్ రెండు మూడు డిగ్రీలు తగ్గించినా తేడా ఉంటుంది. హ్యుమిడిఫైయర్ ఉంటే సరేసరి.

ఇండియా నుంచి తెచ్చిన సీరియల్ లైట్లు, స్టార్ వాడొచ్చా?

కాగితం స్టార్ వాడండి, దాని లోపలి బల్బు, వైరు వాడకండి. అక్కడిది 230 వోల్టులు, ఇక్కడిది 120. అడాప్టర్ తగిలిస్తే బల్బు మిణుకుమిణుకుమంటుంది, లేదా అసలు వెలగదు. ఇక్కడి సాకెట్ల కోసం పరీక్షించని వైరును ఎండే చెట్టు మీద వేయడం ఎందుకు? స్టార్ లోపల ఇక్కడి ఎల్‌ఈడీ పెట్టుకోండి. మా అమ్మ నరసరావుపేట నుంచి మడతపెట్టి పంపిన ఎర్ర స్టార్ మా వరండాలో అలాగే వెలుగుతోంది.

చెట్టు మీద కూడా ఎల్‌ఈడీలే. పాత రకం బల్బుల వేడి ఆకును ఎండబెడుతుంది. పడుకునేటప్పుడూ బయటికెళ్ళేటప్పుడూ ఆర్పేయండి. టైమర్ పెట్టుకుంటే గుర్తుపెట్టుకునే పనే లేదు.

మా ఇంట్లో పూజ గది హాల్లోనే ఉంది. పిల్లల కోసం చెట్టు కూడా పెడతాం. దీపంతో ఇబ్బందా?

నీళ్ళు తాగుతున్న పచ్చి చెట్టు తొందరగా అంటుకోదు. ఎండిన చెట్టు అంటుకుంటే నిమిషంలోపే గదంతా మంటలే. ఇక్కడి ప్రభుత్వ ప్రయోగశాల రెండింటినీ అంటించి తీసిన వీడియోలు ఉన్నాయి, ఒకసారి చూస్తే నా మాట అక్కర్లేదు. దీపం, అగరుబత్తి, కొవ్వొత్తి ఏదైనా చెట్టున్న వైపు కాకుండా ఎదుటి గోడకు పెట్టుకోండి. కొమ్మల మీద మాత్రం కొవ్వొత్తి ఆలోచనే వద్దు.

నీళ్ళు తాగుతోంది, అయినా కొన్ని ఆకులు రాలుతున్నాయి. పాడైనట్టా?

రోజూ కొన్ని రాలడం మామూలే. బోదె దగ్గర లోపలి కొమ్మల్లోని పాత ఆకులు ముందు పోతాయి. చూడాల్సింది కొమ్మల చివర్లు. అక్కడి ఆకు వంచితే వంగాలి, పచ్చగా మెరవాలి. వాక్యూమ్‌తో పీల్చబోతే గొట్టంలో ఇరుక్కుంటాయి. మన కొబ్బరి చీపురుకి మించింది లేదు. చెట్టు కింద పాత చీర పరిస్తే ఇంకా సుఖం, పండగయ్యాక నాలుగు మూలలూ ఎత్తి బయట దులుపుకోవడమే.

చెట్టులో పురుగులొస్తాయా?

అప్పుడప్పుడు పేనుబంక లాంటి చిన్న నల్ల పురుగులు, గొల్లభామ జాతి పురుగు పెట్టిన గట్టి గుడ్ల గూడు కనిపిస్తాయి. ఇంటి వెచ్చదనానికి ఆ గుడ్లు పొదిగి వందల కొద్దీ పిల్లలు బయటికి రావచ్చు. కొనేటప్పుడే చెట్టును బాగా దులపమనండి, కొన్ని చోట్ల దానికి యంత్రమే ఉంటుంది. గుడ్ల గూడు కనిపిస్తే ఆ పుల్ల విరిచి బయట పొదలో పెట్టండి. నల్ల పురుగుల్ని కార్పెట్ మీద నలపకండి, ఊదా మరక పడుతుంది. పురుగుల మందు స్ప్రే చెట్టు మీద కొట్టకండి, అది మండే సరుకు.

చేతులకు జిగురు అంటుకుంది, సబ్బుతో పోవడం లేదు.

కొబ్బరినూనె రాసి రుద్ది, తర్వాత సబ్బు.

అపార్ట్‌మెంట్‌లో పెట్టనిస్తారా? చర్చి కోసం అద్దెకు తీసుకున్న హాల్లో?

లీజు కాగితాలు చూడండి. కోసిన నిజం చెట్లు వద్దని చాలాచోట్ల రాసి ఉంటుంది. అద్దె హాళ్ళలో, స్కూలు హాళ్ళలో ఫైర్ నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి. పాస్టర్ గారు మాట ఇచ్చేసి, చెట్టు గుమ్మం దాకా వచ్చాక వెనక్కి తీసుకెళ్ళిన సందర్భం మాకుంది. ముందే ఫోన్ చేసి అడగండి.

కుండీలో వేళ్ళతో ఉన్న చెట్టు కొంటే ఈ గొడవ ఉండదుగా?

దాని గొడవ దానిది. చలికి నిద్రపోయిన చెట్టును వెచ్చని ఇంట్లో వారం పది రోజులకు మించి ఉంచితే వసంతం వచ్చిందనుకుని మేలుకుంటుంది. అప్పుడు బయట నాటితే చలికి పోతుంది. పెరడు ఉండి, గొయ్యి ముందే తవ్వి పెట్టుకున్నవాళ్ళకు బాగుంటుంది.

ఇండియాలో మావాళ్ళు సరుగుడు కొమ్మ పెడతారు. దానికీ ఇవే సూత్రాలా?

సరుగుడు అసలు పైన్ జాతే కాదు, ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చిన వేరే చెట్టు. మనం సూదులనుకునేవి దాని ఆకులు కావు, సన్నటి రెమ్మలు. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర కంటికి ఆనని పొలుసుల్లా ఉంటాయి. కానీ నీళ్ళ సంగతి ఒకటే.

మా చిన్నప్పుడు బాపట్ల వైపు నుంచి నాన్న సైకిల్ వెనక కట్టుకుని సరుగుడు కొమ్మ తెచ్చేవాడు. పాత పెయింట్ డబ్బాలో ఇసుక నింపి అందులో గుచ్చేవాళ్ళం. పైన దూది పింజలు, మంచు అన్నమాట. కుదురు కదలకూడదని ఇసుక గట్టిగా తొక్కేవాళ్ళం కానీ నీళ్ళ సంగతి ఎవరికీ తట్టేది కాదు. ఇరవై అయిదో తేదీకి కొమ్మ ఎర్రబారి ఉండేది. ఒక ఏడాది అమ్మ మాత్రం రోజూ కళ్ళాపి చల్లాక మిగిలిన నీళ్ళు ఆ డబ్బాలో పోసింది. ఆ ఏడాది కొమ్మ జనవరి ఒకటి దాకా పచ్చగా ఉంది. అది అయ్యగారి ప్రార్థన మహిమ అనుకున్నాం.

కాబట్టి ఇంటి దగ్గర కొమ్మ పెట్టేవాళ్ళు: తెల్లవారే కోసిన కొమ్మ తెచ్చుకోండి, మొదలు కొత్తగా కోయండి, ఇసుక బదులు రాళ్ళు నింపిన బకెట్లో నీళ్ళు పోసి నిలబెట్టండి. రాళ్ళు కొమ్మను పట్టుకుంటాయి, నీళ్ళు కనిపిస్తుంటాయి. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని కుండీలతో అమ్మే అరాకేరియా వేళ్ళున్న మొక్క, దానికి ఎప్పుడూ నీళ్ళు నిలవకూడదు. మట్టి ఆరాక పోయండి.

సంక్రాంతి బొమ్మల కొలువు దాకా చెట్టు ఉంచేస్తాం. తప్పా?

తప్పని కాదు, నాకైతే ధైర్యం చాలదు. థాంక్స్‌గివింగ్ వారం నుంచి సంక్రాంతి అంటే ఏడు వారాలు. జనవరి 6న వచ్చే ఎపిఫనీ పండగ దాకా నేనూ ఉంచాను, అదీ తొట్టిలో నీళ్ళు ఇంకా తగ్గుతున్నాయి కాబట్టి. నీళ్ళు తాగడం ఆపేసి మూడు రోజులైతే పండగ ఏదైనా సరే బయటికి.

మరి ఎండిన చెట్టును భోగి మంటలో వేయొచ్చా?

ప్రతి జనవరిలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. ఇంట్లో ఫైర్‌ప్లేస్‌లో అయితే ఒక్క కొమ్మ కూడా వద్దు. జిగురున్న ఆకులు ఒక్కసారిగా భగ్గుమని చిటపటలాడుతూ నిప్పు రవ్వలు ఎగరేస్తాయి, పొగ గొట్టం లోపల మసి పేరుకుని తర్వాత ఎప్పుడో అంటుకుంటుంది. బయట మంట వేయడానికి మీ ఊళ్ళో అనుమతి ఉంటే ఉండొచ్చు గానీ, చెట్టు మొత్తం వేస్తే ఆ మంట మనిషెత్తు దాటి లేస్తుంది. పిల్లలకు భోగిపళ్ళు పోసే చోట అది వద్దు. పాత పేళ్ళు, విరిగిన కుర్చీ కాలు వేసుకోండి.

చాలా ఊళ్ళలో జనవరి మొదటి రెండు వారాల్లో చెట్లు తీసుకెళ్ళి ముక్కలు చేసి మొక్కల మొదట్లో వేసే పొట్టుగా మారుస్తారు. కొన్నిచోట్ల చెరువుల్లో చేపలకు ఆశ్రయంగా ముంచుతారు, సముద్రపు ఒడ్డున ఇసుక కొట్టుకుపోకుండా వేస్తారు. దారాలు, మెరుపు కాగితాలు, కొక్కేలు ఒక్కటి కూడా మిగలకుండా తీసి రోడ్డు అంచున పెట్టాలి. ఎత్తే ముందు స్టాండ్‌లో మిగిలిన నీళ్ళు ఒక మగ్గుతో తోడేయండి. పోయినేడు నేను మర్చిపోయి ఎత్తాను. ఆ జిగురు నీళ్ళ మరక మా కార్పెట్ మీద ఇప్పటికీ ఉంది, సోఫా కాస్త ఎడమకు జరిపాం.